తోడుగానా, బదులుగానా? బడి మానేసిన ఒక ఏడో తరగతి పాప కేసు

ఈ కేసు రాయడానికి పాప, ఆమె తల్లిదండ్రులు, నాన్నమ్మ ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. ముసాయిదా పాపకు చదవడానికిచ్చాను. రెండు చోట్ల "ఇలా కాదు మేడం, నేను అలా అనలేదు" అంది. ఆ రెండూ దిద్దాను.

వచ్చిన సమస్య

2024 నవంబరు, కార్తీకమాసం మొదటి సోమవారం. ఉదయం పదకొండు గంటలకు, అంటే పిల్లలంతా బడిలో ఉండే వేళకు, తల్లీతండ్రీ పాపను తీసుకుని విశాఖపట్నం సీతమ్మధారలోని మా క్లినిక్‌కి వచ్చారు. పిల్లల మానసిక సమస్యలు చూస్తాను నేను. పాపకు 12 ఏళ్లు, ఒక్కతే సంతానం. ఇల్లు ఎంవీపీ కాలనీ. నాన్నకు గాజువాక వైపు ఒక కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం. అమ్మ ఇంటి పట్టునే ఉంటుంది.

సెప్టెంబరు చివరి నుంచి కడుపునొప్పి. పొద్దున్న ఆరున్నరకు మొదలవుతుంది, యూనిఫాం వేసుకునేసరికి వాంతి వచ్చేలా ఉంటుంది, తొమ్మిదిన్నర దాటితే తగ్గిపోతుంది. ఆదివారం సాయంత్రం నుంచే మొహం వాడిపోతుంది. వారం టెస్టు జరిగే శనివారం మరీ ఎక్కువ. దసరా సెలవులు తీసేసి లెక్కేస్తే అప్పటికి 19 బడి రోజులు పోయాయి. పిల్లల డాక్టరు రక్తం, మూత్రం, కడుపు స్కానింగ్ అన్నీ చేయించారు. ఏమీ తేలలేదు. బంధువుల్లో ఒకరు "నాటకం" అని తేల్చేశారు.

నాటకం కాదని పాప ముందే చెప్పాను. పేగులకూ మెదడుకూ మధ్య నరాల రాకపోకలు చాలా దట్టంగా ఉంటాయి. భయం పుట్టినప్పుడు పేగుల కదలిక మారుతుంది, నొప్పి మామూలుకన్నా ఎక్కువగా తెలుస్తుంది. ఆ నొప్పి నిజం. దాని వెనక ప్రమాదకరమైన జబ్బేదీ లేదు, అంతే. ఈ మాట విన్నాక పాప మొదటిసారి తలెత్తి నా వైపు చూసింది.

తండ్రి అడిగింది సూటిగా ఉంది. "పాపకి రెసిలియన్స్ నేర్పించండి మేడం. వారానికి రెండు క్లాసులైనా ఫర్వాలేదు, డ్యూటీ మార్చుకుని నేనే తీసుకొస్తాను." ఆ గొంతులో ఎంత ప్రేమ ఉందో అంత తొందరా ఉంది. మొదటి నెల నేను ఎక్కువగా మాట్లాడబోయేది పాపతో కాదు, మీ ఇద్దరితో అన్నాను. ఆయన ముఖం కాస్త చిన్నబోయింది.

రెసిలియన్స్‌కి తెలుగులో నేను "నిలదొక్కుకోవడం" అంటాను. కాలు తడబడకుండా నిలదొక్కుకోవడం అనేది లేదు. తూలిన కాలు నేలను వెతుక్కోవాలి, దానికి రెండు మూడు క్షణాలు పడుతుంది. ఆ రెండు మూడు క్షణాల్లో పక్కనున్న పెద్దవాళ్లు ఏం చేస్తారన్నదే ఈ కేసంతా.

ముందు తేల్చుకోవలసినవి

బడికి వెళ్లనన్న ప్రతి పిల్లనూ ధైర్యం చెప్పి పంపించేయకూడదు. బడిలో ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా, ఆటోలో గానీ ట్యూషన్లో గానీ ఎవరైనా చెయ్యి వేశారా, చదవడంలోనే ఇబ్బంది ఏదైనా ఉందా అన్నవి ముందు చూడాలి. అలాంటిదేమైనా ఉంటే పిల్లను గట్టిపరచడం మన పని కాదు, ఆ హాని ఆపించడం మన పని. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

బతకాలని లేదనిపించిందా అని కూడా ఒంటరిగా, నేరుగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది తల్లిదండ్రుల భయం. అలా పుట్టదు. అడగకపోతే ఉన్న ఆలోచన లోపలే ఉండిపోతుంది. మన రాష్ట్రంలో పరీక్షా ఫలితాల రోజులు ఎలా గడుస్తాయో తెలిసినవాళ్లు ఈ ప్రశ్న దగ్గర మొహమాటపడకూడదు. ఈ పాపకు అలాంటి ఆలోచన లేదు. అయినా మానసిక సహాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 అమ్మ ఫోన్లో వేయించాను. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఆందోళనను అంచనా వేసే స్కేర్డ్ అనే 41 ప్రశ్నల పత్రాన్ని తెలుగులో వివరిస్తూ నింపించాను. 82కి 36 వచ్చింది. 25 దాటితే లోతుగా చూడాలి. చదువులో ఇబ్బంది లేదు. ఎవరూ కొట్టడం లేదు.

కథ ఎక్కడ మొదలైంది

తల్లిదండ్రులు చెప్పిన వరస ఇది. వాళ్ల బడిలో ఏడో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. మార్కులను బట్టి సెక్షన్లు. సెప్టెంబరులో పాప మొదటి సెక్షన్ నుంచి మూడో సెక్షన్‌కి పడిపోయింది. ఆ దెబ్బ తట్టుకోలేక జబ్బు పడింది. ఒక పరాజయాన్ని తట్టుకోలేని పిల్లను తట్టుకునేలా చేయాలి.

మూడో కలయికలో పాప ఒక్కతే ఉన్నప్పుడు తేదీలు రాసుకుందామన్నాను. పెద్ద కాగితం మీద క్యాలెండరు గీసి, ఏ రోజు ఏం జరిగిందో తనతోనే రాయించాను. రాస్తూ రాస్తూ మామూలుగా చెప్పేసింది. "మూడో సెక్షన్‌లో వారం రోజులున్నాను మేడం. మొదటి రోజు ఏడుపొచ్చింది. తర్వాత బానే ఉంది. అక్కడ ఒకమ్మాయి బొమ్మలు బాగా వేస్తుంది."

కడుపునొప్పి మొదలైంది ఆ వారంలో కాదు. ఆ తర్వాతి వారంలో.

మధ్యలో జరిగింది ఏమిటంటే, నాన్న బి షిఫ్టుకి వెళ్లే ముందు బడికి వెళ్లారు. ప్రిన్సిపాల్‌ని బతిమాలారు. "ఒక్క అవకాశం ఇవ్వండి, మా పాప కష్టపడుతుంది" అన్నారు. సోమవారానికల్లా పాప మళ్లీ మొదటి సెక్షన్‌లో కూర్చుంది. పక్క బెంచీ పిల్ల అడిగింది: "మీ డాడీ వచ్చి అడిగితే ఇచ్చారంట కదా?"

పాప నాతో అన్న మాట ఇది, తను దిద్దిన తర్వాత ఉన్నది ఉన్నట్టు: "నాకు తక్కువ వస్తే నాకే తక్కువ అనుకునేదాన్ని. ఇప్పుడు తక్కువ వస్తే డాడీ మాట పోతుంది."

ఈ పిల్ల పడింది, ఏడ్చింది, బొమ్మలేసే స్నేహితురాలిని వెతుక్కుంది. వారం రోజుల్లో నిలదొక్కుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పకుండానే. అది పూర్తవకముందే, ఆమెను ప్రేమించే మనిషి ఆమెను ఎత్తి, కాళ్లకు నేల అందని చోట కూర్చోబెట్టాడు. సొంత మార్కులతో సంపాదించుకోని కుర్చీ అది. అందులో ప్రతి శనివారమూ నాన్న పరువుకి పరీక్షే. పరాజయం మోపిన బరువు కన్నా, రక్షణ మోపిన బరువు ఎక్కువైంది.

తండ్రికి ఈ సంగతి ఎలా చెప్పాలన్నది నాకు ఆ వారం నిద్రపట్టనివ్వలేదు. పాప అనుమతి తీసుకుని, క్యాలెండరు కాగితం ఆయన ముందు పరిచాను. ఏమీ వ్యాఖ్యానించలేదు. చాలాసేపు చూశారు. "నేను వెళ్లింది ఏ రోజు మేడం?" అని ఆయనే అడిగారు. వేలు పెట్టి చూపించాను.

ఇంట్లో ఏం జరుగుతోంది

అమ్మకు ఒక నోటుబుక్కు ఇచ్చాను. పాప బాధపడకుండా ఉండటానికి వారం రోజుల్లో ఇంట్లో ఏమేం చేస్తున్నారో, మంచిదా చెడ్డదా అని ఆలోచించకుండా రాయమన్నాను. 17 అంశాలు వచ్చాయి. బ్యాగు సర్దడం, సోషల్ ప్రాజెక్టు తనే అర్ధరాత్రి దాకా కూర్చుని చేయడం, హోంవర్కు మర్చిపోయిందని మేడానికి ముందే మెసేజ్ పెట్టడం, బడి గేటు ఎదురుగా పదకొండు దాకా నిలబడటం, టిఫిన్ నోట్లో పెట్టడం. ఇంట్లో డబ్బు ఇబ్బంది మాటలొస్తే టీవీ సౌండు పెంచడం కూడా అందులో ఉంది. ఆ ఇంటికి ఆ నెలల్లో జీతం సమయానికి రావడం లేదు. పాపకు తెలియదని వాళ్ల నమ్మకం. "టీవీ సౌండు పెంచారంటే డబ్బుల గురించేనని నాకు తెలుసు" అని పాప నాకు అప్పటికే చెప్పి ఉంది.

అన్నిటికన్నా బరువైనది రాత్రి ప్రశ్న. "అమ్మా, రేపు బానే రాస్తానా?" "రాస్తావమ్మా." "నిజంగా?" "నిజంగా." ఇది రాత్రికి ఎనిమిది, తొమ్మిది సార్లు. ప్రతి జవాబూ పది నిమిషాలు పనిచేస్తుంది, ఆ తర్వాత మళ్లీ కావాలి.

దీన్ని మా వృత్తిలో కుటుంబ సర్దుబాటు అంటారు. ఆందోళన ఉన్న పిల్లల ఇళ్లలో దాదాపుగా ఎప్పుడూ కనిపిస్తుంది. చెడ్డ తల్లిదండ్రులు చేసేది కాదు, మంచి తల్లిదండ్రులు చేసేదే. కానీ పిల్లకు చేరే సందేశం వేరుగా ఉంటుంది. "ఇది నీ వల్ల కాదు గనకే మేం చేస్తున్నాం" అని వినబడుతుంది.

యేల్ విశ్వవిద్యాలయంలో ఎలి లెబోవిట్జ్ బృందం ఈ సర్దుబాట్లను తగ్గించడాన్నే చికిత్సగా మలిచింది. 2020లో వెలువడిన వాళ్ల అధ్యయనంలో ఆందోళన సమస్య ఉన్న 124 మంది పిల్లల్లో కొందరికి నేరుగా చికిత్స ఇచ్చారు. మిగతా పిల్లల విషయంలో తల్లిదండ్రులతో మాత్రమే పనిచేశారు. రెండో పద్ధతి మొదటిదానికి తీసిపోలేదు. పిల్లను ఒక్కసారి కూడా చికిత్సకు కూర్చోబెట్టకుండా, తల్లిదండ్రులు మారితే పిల్ల ఆందోళన తగ్గింది. తండ్రి అడిగిన "వారానికి రెండు క్లాసుల"కు నా దగ్గరున్న సమాధానం ఇదే.

నేను చేసిన తప్పు

ఇక్కడ నేను తొందరపడ్డాను. 17 అంశాల జాబితా చూసి, అమ్మ ఉత్సాహం చూసి, "ఈ వారం నుంచి రాత్రి ప్రశ్నకు జవాబు ఇవ్వకండి, గేటు దగ్గర నిలబడకండి, బ్యాగు తనే సర్దుకోనివ్వండి" అని మూడూ ఒకేసారి చెప్పి పంపించాను. నాలుగో రోజు రాత్రి పదిన్నరకు అమ్మ ఫోన్. వెనక పాప ఏడుపు వినిపిస్తోంది. బాత్రూం తలుపు వేసుకుని అరగంట నుంచి బయటకు రావడం లేదు.

"జవాబు చెప్పొద్దన్నారు కదా మేడం, నేను నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. 'నువ్వు కూడా నాతో మాట్లాడవా' అంటోంది. నా వల్ల కావట్లేదు."

అమ్మ నా మాట అక్షరాలా పాటించింది. తప్పు ఆమెది కాదు. పిల్లకు బదులుగా చేయడం మానమని చెప్పాను, పిల్లకు తోడుగా ఉండటం ఎలాగో చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ రెండూ ఇన్నాళ్లూ ఒకటిగానే ఉన్నాయి. బదులు చేయడం తీసేస్తే తోడు కూడా పోయింది. పాపకు మిగిలింది భయం, మౌనంగా కూర్చున్న అమ్మ.

ఆ రాత్రి ఫోన్లోనే చెప్పాను. తలుపు దగ్గర నేల మీద కూర్చోండి. "ఇక్కడే ఉన్నాను, ఎక్కడికీ వెళ్లను" అనండి. వేరే ఏమీ వద్దు. ఇరవై నిమిషాలకు తలుపు తెరుచుకుంది.

మర్నాడు ఇద్దరినీ పిలిచి నా పొరపాటు ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఈ రెండు మాటలే మా పనికి ఆధారమయ్యాయి: తోడు, బదులు. ఏది చేయబోతున్నా, "ఇది తోడా, బదులా?" అని వాళ్లిద్దరూ ఒకరినొకరు అడిగేవారు. కొన్నాళ్లకు పాప కూడా అడగడం మొదలుపెట్టింది.

తిరిగి మొదలు

ఈసారి ఒక్కటే ఎంచుకున్నాం, రాత్రి ప్రశ్న. పాపకు ముందుగా చెప్పాం, అకస్మాత్తుగా కాదు. "నువ్వు అడిగితే ఒకసారి చెప్తాను. తర్వాత అడిగినా అదే జవాబు మళ్లీ చెప్పను. కానీ నీ పక్కనే కూర్చుంటాను." పాప ఒప్పుకోలేదు. ఒప్పుకోవలసిన అవసరం లేదు. తెలిస్తే చాలు.

జవాబుగా వాడే మాట కోసం చాలాసేపు వెతికాం. పద్ధతి ప్రకారం అందులో రెండు ఉండాలి: భయం ఉందని ఒప్పుకోవడం, ఆ భయంతోనే చేయగలదన్న నమ్మకం. "నీకు భయంగా ఉందని నాకు తెలుసు, నువ్వు ఎదుర్కోగలవని కూడా నాకు తెలుసు" అని నేను రాసిచ్చాను. అమ్మ రెండుసార్లు చదివి, "ఇది నేను మాట్లాడినట్టు లేదు మేడం" అంది. నిజమే, లేదు. ఆమె తన మాటలోకి మార్చుకుంది: "కడుపులో తిప్పుతోందా తల్లీ? తిప్పుతుంది. తిప్పుతున్నా వెళ్లొచ్చేస్తావ్ నువ్వు." నేను రాసిచ్చినదాని కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. ఏ ఇంటి ధైర్యం ఆ ఇంటి భాషలోనే ఉండాలి.

మొదటి వారం రాత్రికి తొమ్మిది సార్లు అడిగింది, పదకొండు సార్లు అడిగిన రాత్రి కూడా ఉంది. ఇలా పెరుగుతుందని ముందే చెప్పి ఉంచాను. మూడో వారానికి రెండుకి వచ్చింది.

తండ్రి వేరే గట్టుకి వెళ్లబోయారు. ఇది చాలామంది నాన్నల్లో చూస్తాను. అతిగా కాపాడటం తప్పని తెలియగానే అతిగా వదిలేయడానికి సిద్ధమవుతారు. "మేం కష్టాలు పడే గట్టిపడ్డాం కదా మేడం, పడనిద్దాం" అన్నారు. కష్టం ఒక్కటే మనిషిని గట్టిపరచదు. హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, గొడవలు, తల్లిదండ్రుల అనారోగ్యం లాంటి ముప్పులెన్నో మీదపడిన పిల్లల్లో మూడింట ఒక వంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్ల జీవితాల్లో మళ్లీ మళ్లీ కనిపించింది, వదలకుండా అంటిపెట్టుకుని ఉన్న ఒక పెద్ద మనిషి. అమ్మే కానక్కర్లేదు. తాతో, పిన్నో, పొరుగావిడో, టీచరో. మిగతా రెండు వంతుల పిల్లలూ అవే కష్టాలు పడ్డారు, వాళ్లలో ఎక్కువమంది గట్టిపడలేదు. ఇది చెప్పి, "మీరు పడ్డప్పుడు మీ పక్కన ఎవరున్నారు?" అని ఆయన్ని అడిగాను. "మా అమ్మ" అన్నారు. ఆ వారాంతం ఆనందపురం వెళ్లి ఆమెను తీసుకొచ్చారు.

సెక్షన్ సంగతి

బడికి తిరిగి వెళ్లడం మెట్లు మెట్లుగా పెట్టుకున్నాం. మొదట భోజనం తర్వాతి రెండు పీరియడ్లు, తర్వాత మధ్యాహ్నమంతా, తర్వాత శనివారం తప్ప పూర్తి రోజులు. క్లాస్ టీచరు బాగా సహకరించారు. ఆవిడ అడిగిన ఒకే ప్రశ్న, "ఏ సెక్షన్‌కి రమ్మంటారు?"

పాపను అడిగాం. "మూడో సెక్షన్" అంది వెంటనే.

ఈ కేసులో అన్నిటికన్నా కష్టమైన వారం అది. పాపకు కాదు, నాన్నకు. పైకి చేర్చమని అడగడానికి ఒకసారి వెళ్లిన మనిషి, కిందికి పంపమని అడగడానికి మళ్లీ అదే గదిలోకి వెళ్లాలి. రెండుసార్లు గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. నాతో అన్నారు: "అది దాని మార్కుల సంగతి కాదు మేడం. నా తోటివాళ్ల పిల్లలంతా ఆ బడిలోనే. డ్యూటీ బస్సులో రోజూ అదే మాట. ఇంట్లో జీతం సంగతి ఇలా ఉంది. కనీసం పాప ఫస్ట్ సెక్షన్ అని చెప్పుకుంటున్నాను."

ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. చెప్పవలసిన జవాబు ఏదీ లేదు కూడా. తన జీవితంలో కాళ్ల కింద నేల కదులుతున్నప్పుడు బిడ్డ ర్యాంకును పట్టుకుని నిలబడిన మనిషిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆయన భయానికి కూడా ఒక తోడు కావాలి. ఆ తర్వాతి రెండు కలయికలు ఆయన గురించే, పాప ప్రస్తావన లేకుండా గడిచాయి.

మూడోసారి పాపను వెంటబెట్టుకుని వెళ్లారు. ప్రిన్సిపాల్ ముందు "పాప తన మార్కులకు తగ్గ సెక్షన్‌లో ఉంటానంటోంది. అప్పుడు నేను తొందరపడ్డాను" అన్నారు. బయటికొచ్చాక పాప ఆయన చెయ్యి పట్టుకుందట. ఏడో తరగతికి వచ్చాక అలా పట్టుకోవడం మానేసిందని ఆయనే చెప్పారు.

తను పొరబడ్డానని నాన్న నలుగురిలో చెప్పి, ఆ తర్వాత కూడా మామూలుగా అన్నం తిని డ్యూటీకి వెళ్లడం ఆ పిల్ల కళ్లారా చూసింది. తప్పు చేసిన మనిషి మర్నాడు ఎలా ఉంటాడో పిల్లలకు తెలియాలి. చాలా ఇళ్లలో అది పిల్లలకు కనబడనివ్వరు.

నాన్నమ్మ

ఆమె ఒక్కసారే నా గదికి వచ్చారు, అదీ మనవరాలు లాక్కొస్తే. ఆనందపురం పక్క పల్లెలో అరెకరం జీడితోట ఉండేది. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ రోజును ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోరు. తుఫాను కన్ను ఊరి మీదుగా పోతున్నప్పుడు గాలి కాసేపు ఆగింది. అయిపోయిందనుకుని కొందరు బయటకొచ్చారు కూడా. ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొట్టింది. తెల్లారేసరికి కైలాసగిరి కొండ బోడిగా కనిపించింది. కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. పాపకు అప్పుడు రెండేళ్లు.

"తోటంతా పడిపోనాదమ్మా. ఒక్క సెట్టు నిలబడనేదు" అన్నారామె. "మీ తాతయ్య రెండ్రోజులు మంచమ్మీంచి లెగనేదు. నాను ఏడిసేను. ఏడుసుకుంటానే కత్తి అట్టుకెల్లి కొమ్మలు కొట్టేను. కర్రలు అమ్మేం."

"తర్వాత?" అంది పాప.

"మొక్కలెట్టేం. మొదటేడు సగం సచ్చిపోనాయి. మల్లీ ఎట్టేం. జీడి కాపుకొచ్చీదాకా తినాలి కదా, మొక్కల మజ్జిన సామంతి పూలేసి ఆనందపురం మార్కెట్టుకి ఏసేదాన్ని. ఓ ఏడు రేటు బాగుండీది, ఓ ఏడు పూలు గెడ్డలో (వాగులో) పారబోసీసేం."

"డాడీ ఏం చేశారు?"

"మీ డాడీ ఒచ్చి, తోట అమ్మీమన్నాడు. నాను అమ్మనేదు."

తండ్రి తలొంచుకుని నవ్వారు. ఈ కథలో ఈ ముక్క పాపకు అప్పటిదాకా తెలియదు.

అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే మనస్తత్వవేత్తలు 20 ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేశారు. అమ్మానాన్నలు ఎలా కలిశారు, ఇంట్లో ఎలాంటి కష్టాలొచ్చాయి లాంటివి. వీటికి జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ చేతిలో ఉందన్న భావన ఎక్కువగా కనిపించాయి. ఆ జవాబులు బట్టీ పట్టిస్తే ధైర్యం రాదు. ఆ జవాబులు తెలిశాయంటే, ఆ ఇంట్లో ఎవరో తీరికగా కూర్చుని చెప్పారన్నమాట. అందులోనూ "మేం పైకొచ్చాం" అనే కథ కన్నా, పడి, లేచి, మళ్లీ కొంత పడిన కథ పిల్లలకు ఎక్కువ ఆసరా అవుతుందన్నది వాళ్ల అభిప్రాయం. నాన్నమ్మ కథలో సగం మొక్కలు చచ్చిపోయాయి, పూలు గెడ్డలో పారబోశారు. ఆ ముక్కలు లేకపోతే అది పాపకు ఎందుకూ పనికొచ్చేది కాదు.

అలాంటి కథలు లేని ఇల్లు ఉండదు. పిల్లలు భయపడతారని దాచేస్తాం. ఆ వారం తర్వాత తల్లిదండ్రులు జీతం సంగతి పాపకు చెప్పారు. ఎంత ఇబ్బంది, దేనికి తగ్గించుకుంటున్నాం, దేనికి ఇబ్బంది లేదు. పది నిమిషాలే. టీవీ ఆపేసి.

చిన్న చిన్న పాట్లు

పడటం అలవాటు కావాలంటే తక్కువ ఎత్తు నుంచి పడాలి. డిసెంబరు నుంచి ఆదివారం కూరగాయల బాధ్యత పాపది. 200 రూపాయలతో ఎంవీపీ రైతుబజారుకి తనే వెళుతుంది. అమ్మ గేటు బయట ఉంటుంది, లోపలికి రాదు. మొదటి వారం పైన మంచివి కింద మెత్తనివి ఉన్న టమాటాలు తెచ్చింది, చిల్లర లెక్క చూసుకోలేదు. అమ్మ నోటి చివరి దాకా వచ్చిన మాటను ఆపుకుంది. మెత్తని టమాటాలతో పచ్చడి చేసింది. మూడో వారం పాప బోర్డు మీది ధరలు కాగితం మీద రాసుకుని మరీ వెళ్లింది. ఆ వారం నా దగ్గరికొచ్చి వంకాయల బేరం గురించి పావుగంట చెప్పింది. బడి సంగతి నేను అడిగితే గానీ గుర్తురాలేదు.

ఇంటి పని పిల్లలకు బరువని ఈ రోజుల్లో చదువుకునే పిల్లల చేత గ్లాసు కూడా తీయించం. తన పని మీద ఇల్లు నిజంగా ఆధారపడిందన్న అనుభవం ఎంత చదువు చెప్పినా రాదు. వెర్నర్ గమనించిన పిల్లల్లోనూ ఇంటికి అక్కరకొచ్చే పని చేసినవాళ్లు బాగా నిలబడ్డారు.

ఫలితం

సంక్రాంతి సెలవుల తర్వాత కడుపునొప్పి మళ్లీ వచ్చింది. రెండు రోజులు బడి మానేసింది. సెలవుల తర్వాత ఇలా జరగడం మామూలే. అమ్మ నాకు ఫోన్ చేసింది సలహా కోసం కాదు, చెప్పడానికి. మూడో రోజు భోజనం తర్వాతి పీరియడ్లతో మళ్లీ మొదలుపెట్టారట, నన్ను అడక్కుండానే.

ఫిబ్రవరి నెలలో ఒక్క బడి రోజు మాత్రమే పోయింది, అదీ జ్వరం వల్ల. స్కేర్డ్ పత్రంలో మార్చిలో 19 వచ్చింది. మొత్తం 14 సార్లు కలిశాం. అందులో పాపతో ఐదుసార్లే. శనివారం పొద్దున్న ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. తిప్పుతూనే వెళుతుంది. జాబితాలోని 17లో నాలుగు ఇంకా అలాగే ఉన్నాయి. టిఫిన్ నోట్లో పెట్టడం వాటిలో ఒకటి, దాన్ని నేను ముట్టుకోలేదు.

ఈ ఫలితంలో క్లాస్ టీచరు వాటా పెద్దది. ఆవిడ స్థానంలో పిల్లను అందరి ముందూ నిలబెట్టే మనిషి ఉండుంటే ఇంత తొందరగా అయ్యేది కాదు, బడి మార్చమనే చెప్పేదాన్నేమో. పన్నెండేళ్ల పిల్లలను వారం వారం వరసలో నిలబెట్టే పద్ధతి మీద నా అభ్యంతరం అలాగే ఉంది. పిల్లకు నిబ్బరం వచ్చింది గనక ఆ పద్ధతి మంచిదైపోదు. తల్లిదండ్రుల సమావేశాల్లో ఈ మాట గట్టిగా అడగవలసినవాళ్లు తల్లిదండ్రులే.

జూన్‌లో ఎనిమిదో తరగతి మొదలైన వారానికి ముగ్గురూ వచ్చారు. పాప తన మార్కులతో రెండో సెక్షన్‌లో ఉంది. బొమ్మలేసే స్నేహితురాలు మూడో దాంట్లోనే ఉండిపోయింది, అది కొంచెం దిగులు. మొదటి సెక్షన్‌కి వెళ్లాలనుందా అని అడిగాను. "తెలీదు మేడం. ఇక్కడ సైన్స్ మాస్టారు బాగా చెప్తున్నారు" అంది. నాన్న ఏదో అనబోయి, అమ్మ వైపు చూసి ఊరుకున్నారు.

మొదటి పరీక్షలయ్యాక, ఆగస్టులో ఒకసారి కలుద్దామని తేదీ రాసిచ్చాను. అవసరం లేదనిపిస్తే ఫోన్ చేసి రద్దు చేయమన్నాను. ఆ ఫోన్ పాపే చేసింది. ఆ రోజు తనకు ఖోఖో మ్యాచ్ ఉందట.